వదిన ట్రాకు

మా ఆయనకున్న జబ్బులు రెండు. ఒకటి షుగరు, రెండోది యంత్రాలు. మొదటిది మందులకు లొంగింది. రెండోదానికి మందు లేదని పెళ్లైన కొత్తలోనే తెలిసింది. మా పుట్టింటివాళ్లు పెట్టిన రేడియోను విప్పి, పేపరు మీద పరిచి, నట్టు నట్టునూ నాకు పరిచయం చేశారు ఆ మహానుభావుడు. అందుకే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంట్లోనే రికార్డింగ్ స్టూడియో పెడదామని ఆయన అన్నప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమల్లా ఈసారి ఆ యంత్రం నాకోసం కావడమే.

మేం అప్పుడు దబీర్‌పురాలో ఉండేవాళ్లం. మా వీధిలో ఎవరింట పెళ్లైనా ఐదుగురు ఆడవాళ్లం కూడి పాడేవాళ్లం. నలుగు పాటలు, హారతులు, అన్నిటికంటే ముఖ్యంగా వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు. నేను ఆయన ఉద్యోగం వెంట కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, మిగతా నలుగురూ ఇక్కడివాళ్లు. మాలో ముందుగొంతు పక్కింటి వదినది. వాళ్లకు తాతల నాటి నుంచి పత్తర్‌గట్టిలో బట్టల కొట్టు ఉంది. నేను ఆవిడను వదినా అంటే ఆవిడా నన్ను వదినా అనేది. పాడుతూ చప్పట్లు కొడితే రెండు చేతుల గాజులూ గలగలమనేవి. మాకు తాళమంటే ఆ గలగలే.

వదినావాళ్లు ఆ వేసవి అయిపోగానే నిజామాబాదు వెళ్లిపోతారని మార్చిలోనే తెలిసింది. అన్నదమ్ముల పంపకాల్లో అక్కడి కొత్త కొట్టు వాళ్ల వాటాకు వచ్చిందట. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఆవిడ వెళ్తే మా పాట కూడా వెళ్తుంది, అందులో నాకు అనుమానం లేదు. ఈలోపు మా ఐదుగురి పాట ఒక్కటైనా పదికాలాలు ఉండేలా రికార్డు చేయాలని మా ఆయన చెవినిల్లు కట్టుకుని పోరాను. అంతకుముందు మామూలు టేప్‌రికార్డరులో చేసిన క్యాసెట్టులో మా పాటకంటే కింది వాటావాళ్ల కుక్కరు విజిలే స్పష్టంగా ఉంది మరి.

ఇక ఆయన పరిశోధన మొదలైంది. కిషన్‌బాగ్‌లో ఫంక్షన్లకు మైకుసెట్లు అద్దెకిచ్చే భాయ్ ఒకాయన దానికి గురువు. ఇద్దరూ చాయ్ మీద చాయ్ తాగి తేల్చిందేమిటంటే, మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, భాయ్ దుబాయ్ నుంచి తెప్పించిన డిజిటల్ పెట్టె. పెద్ద పళ్లెమంత ఉంటుంది, అందులో ఎనిమిది ట్రాకులు. అంటే ఎనిమిది గొంతుల్ని విడివిడిగా దాచి, దిద్ది, తర్వాత కలుపుకోవచ్చు. రెండోది, కంప్యూటరు కొని అందులో రికార్డింగ్ కార్డు బిగించడం. మా ఆయన మనసంతా పెట్టె మీదే. కంప్యూటరైతే దాని ఫ్యాను రొద పెడుతుందట, వైరస్ వస్తే పాటలన్నీ గంగలో కలుస్తాయట.

వాడి చూసుకోమని భాయ్ ఒక ఆదివారం ఆ పెట్టెను మా ఇంటికి పంపించాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే మైకు పెట్టే కన్నాలు రెండే ఉన్నాయి. ఎనిమిది ట్రాకులైతే రెండు కన్నాలేమిటని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి, అందరూ ఒకేసారి పాడక్కర్లేదని, ఒకరి తర్వాత ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడితే మిషనే కలిపేస్తుందని, లోకమంతా ఇప్పుడు ఇలాగే చేస్తోందని వివరించారు. లోకం సంగతి నాకెందుకులే అని ఊరుకున్నాను.

సామాన్ల గది గోడలకు బొంతలు వేలాడదీశాం. ఫ్యాను ఆపేశాం. ఏప్రిల్ ఎండకు ఆ గదిలో మేం ఉడికిపోతుంటే ఆయన వచ్చి, చప్పుడు రాకుండా అందరూ గాజులు తీసి పక్కన పెట్టండమ్మా అన్నారు. ఐదుగురం ఒక్కసారి ఆయన మొహంలోకి చూశాం. నేనైతే ఒంటికాలి మీద లేచాను. నలుగురి కాపురాలూ పచ్చగా ఉండాలని పాడేవాళ్లను పట్టుకుని గాజులు తీయమంటారా అని దులిపేశాను. చివరికి గాజుల్ని మోచేతి దాకా ఎగదోసి, కదలకుండా చేతిరుమాళ్లు కట్టుకున్నాం.

మిగతావాళ్లం బయటికొచ్చాం, మొదట వదిన ఒక్కతే లోపల ఉండిపోయింది. మొదటి వరుస పాడి ఆగింది. మళ్లీ పాడి మళ్లీ ఆగింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి గుమ్మంలోకి వచ్చి, "ఎవ్వరు అందుకుంటలేరేంది వదినా?" అని అడిగింది. మా పాట అలాంటిది. ఆవిడ వరుస పూర్తి కాకముందే దాని తోక మేం పట్టుకుంటాం, మా తోక మళ్లీ ఆవిడ పట్టుకుంటుంది. ఒంటరిగా ఒక్క వరుస కూడా మేమెవరం ఎన్నడూ పాడలేదు. తర్వాత వెళ్లినావిడకు నవ్వు ఆగలేదు. ఇంకొకావిడ గోడతో రహస్యం చెబుతున్నట్టు పాడింది. నా వంతు వచ్చాక నా బండారం బయటపడింది. మూడో చరణం మధ్యలో నేను ఇన్నేళ్లూ పెదాలు కదుపుతున్నానే గానీ పాడటం లేదు. అక్కడ నేను ఊపిరి తీసుకుంటే వదిన నన్ను దాటిస్తూ వచ్చింది. తర్వాత మాట్లాడుకుంటే తెలిసింది, అందరికీ అలాంటి చోటు ఒకటి ఉంది.

సాయంత్రానికి మా ఆయన అన్నీ కలిపి వినిపించారు. పాట శుభ్రంగానే ఉంది. కానీ బ్యాంకు వరుసలో నిలబడ్డవాళ్లలా ఎవరికి వాళ్లం ఉన్నాం. మా మొహాలు చూసి ఆయన మమ్మల్ని ఉత్సాహపరచాలని ఒక మీట నొక్కారు. వదిన గొంతు ఠక్కున మాయమైంది. మళ్లీ నొక్కితే వచ్చింది. రేపు వదినగారు ఊళ్లో లేకపోయినా ఆ ట్రాకులో ఇంకెవరిచేతనైనా పాడించుకోవచ్చు అన్నారు, పెద్ద వరమిచ్చినట్టు.

వదిన చేతికున్న రుమాలు విప్పుకుంటూ, "మస్తుగుంది అన్నా మీ మిషన్. మనిషిని తీసేసుడు గింత అల్కగనా?" అంది. అంత తేలికా అని నవ్వుతూనే అంది. చాయ్ మాత్రం తాగకుండా వెళ్లిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం కోపంకంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. ఆ పెట్టె మనకొద్దు, ఐదుగురం ఒకేసారి పాడటానికి ఏది పనికొస్తే అదే కొనండి అని తేల్చి చెప్పేశాను. అలాగైతే కంప్యూటరు, ఎనిమిది మైకులు పట్టే కార్డు కావాలి. అంత చిన్న గదిలో ఐదు మైకులు పెడితే ఒకరి గొంతు ఇంకొకరి మైకులోకి వెళ్తుందని, ఇక ట్రాకులు విడిగా ఉండీ ఏం లాభమని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నారు. భాయ్‌ని కూడా సాక్ష్యానికి తెచ్చారు.

"భాబీ, ఒకరి ఆవాజ్ ఇంకొకరి మైకుల పడతది. తర్వాత సాఫ్ చేసుడు కాదు. అప్పుడు నా మీద లొల్లి చెయ్యొద్దు" అన్నాడు భాయ్.

"పక్కపక్కన కూర్చుని పాడితే పడదా భాయ్? పడనివ్వండి" అన్నాను.

ఫ్రిజ్జు మళ్లీ వచ్చే ఏటికి వాయిదా పడి కంప్యూటరు ఇంటికొచ్చింది. రొద వినపడకుండా దాన్ని వసారాలో పెట్టి, వైర్లు కిటికీలోంచి లాగారు. వారం తిరక్కుండానే మా ఆయన ఆ పెట్టె ఊసే మర్చిపోయి, కంప్యూటరును మించింది లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టారు.

వదిన ప్రయాణానికి ముందు ఆదివారం, చాప మీద మోకాళ్లు తగిలేలా గుండ్రంగా కూర్చున్నాం. భాయ్ ఇచ్చిన ఐదు మైకులు మా మధ్య నిలబెట్టారు. గాజులు వాటి చోట అవి ఉన్నాయి. మొదటిసారి మా ఇంటికి దగ్గర్లోని స్టేషన్లోకొచ్చిన రైలు పాటను మింగేసింది. రెండోసారి వదినే పాడుచేసింది. వియ్యంకుణ్ణి వెక్కిరించే చోట వియ్యంకుణ్ణి తీసేసి, ఆడవాళ్లను గాజులు తీయమన్న పెద్దమనిషిని పెట్టి పాడింది. హెడ్‌ఫోన్‌లో అది విని మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. మూడోసారి పాట మొదటి నుంచి చివరిదాకా మా వీధి పెళ్లిలో వచ్చినట్టే వచ్చింది. ఎవరమూ దిద్దమని అడగలేదు.

వదినావాళ్లు వెళ్లిపోయారు. దసరా అయ్యాక మా వీధిలోనే ఒక పెళ్లి కుదిరింది. నలుగురం మిగిలాం, ముందుగొంతు నేనే తీసుకోవాలన్నారు. వదిన గొంతు తీసేసి పాట వేయండి, ఆ ఖాళీలో నేను పాడి నేర్చుకుంటాను అని మా ఆయన్ను అడిగాను. మీట నొక్కడానికి ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత వదిన ట్రాకు ఆపేశారు.

పాట మొదలైంది. వదిన పోలేదు. నా మైకులో ఉంది, పక్కావిడ మైకులో ఉంది, మిగతా ఇద్దరి మైకుల్లోనూ ఉంది. పక్కగదిలో పాడుతున్నట్టు కాస్త దూరంగా, గాజులతో సహా. ఇదే నేను చెప్పిన లోపం అన్నారు మా ఆయన మెల్లగా. నేను ఏడుస్తూ నవ్వాను. ఇంకోసారి వేయమన్నాను. మూడో చరణంలో నేను ఎప్పుడూ ఊపిరి తీసుకునే చోట ఆ దూరపు గొంతును పట్టుకుని మొదటిసారి దాటాను.

మర్నాడు నిజామాబాదుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. వదిన పగలబడి నవ్వింది.

"గట్ల తీసేస్తే పోయెటిదాన్నా నేను? ఏదీ, ఫోను గా డబ్బా కాడ పెట్టు, పాట నేను గూడ ఇంట."

ఆవిడ ట్రాకు ఆపే ఉంచి పాట వేయించాను. రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి, వింటోందో లేదోనని మధ్యలో ఒకసారి చెవికి ఆనించుకున్నాను. అటువైపు గాజులు మోగుతున్నాయి.