లువాన్ యుచిన్ ఉప్పు చూసే తీరు

చైనాలో యాంతాయ్ రేవు వెనక చేపల సందులో లువాన్ యుచిన్ ముక్కంటే అందరికీ కాస్త భయమే. పొద్దున్నే ఎవరు చాటుగా సారా పుచ్చుకున్నారో, ఎవరి తొట్టిలో చేప నిన్నటిదో ఆవిడ తన గుమ్మంలో నిలబడే చెప్పేసేది. వంజరం చేపముద్ద కూరిన కుడుములు అమ్మే కొట్టుకు అంతకన్నా ఆస్తి ఏముంటుంది చెప్పండి! పచ్చి చేపముద్దను నోట్లో వేసుకుని ఉప్పు చూడరు కదా, గిన్నె మీదికి వంగి వాసన చూస్తారు. యుచిన్ ఒక్కసారి గాలి పీల్చి "ఇంకో అర చెంచా" అనేది. అర చెంచా అంటే అర చెంచానే. పంతొమ్మిదో ఏట గడియారాల ఫ్యాక్టరీ వంటశాలలో మొదలుపెట్టింది, నలభై మూడేళ్ళు ఆ మాట తప్పలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుండేది. గిన్నె మీద ఒక్క ముక్కే వంగాలి. "ఇద్దరు వాసన చూస్తే ఇద్దరూ చిటికెడు వేస్తారు. ఇక పనైపోయినట్టే" అని కోడలు వెన్‌జువాన్‌కు కాపురానికొచ్చిన రోజే చెప్పింది. వెన్‌జువాన్ పదకొండేళ్ళు పిండి వత్తింది, కుడుములు చుట్టింది, ముద్ద దగ్గరికి మాత్రం ముఖం పోనివ్వలేదు.

అలాంటి కొట్టు ఏడాదిన్నరలో ఏమైపోయిందో చూడండి. ఒకరోజు చప్పిడి కూడు, మర్నాడు ఉప్పు కషాయం. కుడుములు తిన్నాక అవి ఉడికిన నీళ్ళు ఒక గిన్నెడు తాగి లేవడం అక్కడి అలవాటు. ఇప్పుడు మూడేసి గిన్నెలు తాగి లేస్తున్నారు. ఒకప్పుడు చేపల పడవ నడిపిన చు ముసలాయన అయితే అందరూ వినేలా అరిచాడు.

"ముప్పై ఏళ్ళు సముద్రం మీద బతికానమ్మాయ్! అదైనా ఇంత ఉప్పగా లేదు. ఇంకో గిన్నెడు నీళ్ళు పొయ్యి, పుణ్యముంటుంది."

మే నెల. వంజరం దండిగా దిగే రోజులు. జనం సందు చివరిదాకా నిలబడాల్సిన కాలంలో పదకొండు బల్లల్లో ఎనిమిది ఖాళీ. ఈ నెల కూడా ఇంతేనైతే కొట్టు ఎత్తేద్దామని వెన్‌జువాన్ భర్త గ్వాంగ్‌షెంగ్ తేల్చేశాడు.

"మీ అమ్మకు నువ్వే చెప్పు" అంది వెన్‌జువాన్.

"నీ మాటైతే వింటుంది. నువ్వే చెప్పు."

ఇద్దరికీ నోరు రాలేదు. కొట్టు పోతే ఆవిడ ఏమైపోతుందో ఇద్దరికీ తెలుసు.

వెన్‌జువాన్ అప్పటికే ఒక దొంగపని చేస్తోంది. వీలు చిక్కిన రోజున, అత్త గిన్నె మీద వంగి, "సరిపోయింది" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, తానూ గభాలున వంగి వాసన చూసేది. చప్పగా తోచేది. అత్త పరువు పోకూడదని గుట్టుగా ఇంత ఉప్పు వేసి కలిపేసేది. ఆ రోజూ వేసింది. పిండి దగ్గరికి వెళ్ళి, అప్పడాల కర్ర మరిచిపోయి వెనక్కి వచ్చింది. గిన్నె మీద మొగుడు వంగి ఉన్నాడు, చెయ్యి ఉప్పు జాడీలో ఉంది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"ష్! చప్పగా ఉంది. అమ్మతో అనకు."

"ఎన్నాళ్ళబట్టి?"

"పోయినేడు నుంచి."

"రోజుకో పెట్టె సిగరెట్లు ఊదే ముక్కుతో నువ్వు ఉప్పు చూస్తున్నావా! ఇప్పుడే నేను వేశానయ్యా మహానుభావా!"

వెనక గుమ్మంలో యుచిన్ నిలబడి ఉంది. తడి చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

"ఇద్దరూ వేస్తున్నారా?" అని స్టూలు మీద కూలబడింది. "ముందటేడు చలికాలం జ్వరమొచ్చింది చూశారూ, దాంతోనే నా ముక్కు పోయింది. మట్టి వాసన లేదు, మంట వాసన లేదు. రోజూ వంగడం ఉత్త నాటకం. అందాజుగా వేస్తున్నా."

ఇంకేముంది! ఈ ఇద్దరికీ సందు దొరకని రోజు చప్పిడి, దొరికిన రోజు కషాయం. ఒకరి పరువు ఒకరు కాపాడబోయి ముగ్గురూ కలిసి కొట్టును ముంచారు. "సముద్రం చేశాం కదరా" అని యుచిన్ పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

కాసేపటికి ముసలావిడ ముక్కు చీదుకుని, చేతులు మళ్ళీ కడుక్కుని లేచింది. పాడైన గిన్నె పక్కకు తోసి, "కొత్త చేప తియ్యి. ఎవరూ మాట్లాడకండి" అంది. ముద్దలోకి మోచేతిదాకా చెయ్యి దించి, ఒకే వైపు తిప్పుతూ, కొద్దికొద్దిగా నీళ్ళు, కొద్దికొద్దిగా ఉప్పు. కళ్ళు మూసుకుంది. చాలాసేపు ముద్ద వేళ్ళ సందుల్లోంచి జారిపోతూనే ఉంది. తర్వాత, ఉప్పు పట్టేకొద్దీ, మెల్లగా బిగిసింది, చేతిని పట్టుకుంది. యుచిన్ ఇంకో చిటికెడు తీసింది. వేయబోయి, ఆగి, జాడీలోనే వదిలేసింది.

"చాలు. చూడవే."

"నేనా?"

"మరి ఇంకెవరు? ఒక్క ముక్కే వంగాలి."

వెన్‌జువాన్ వంగి గాలి పీల్చింది. ఒక్క రవ్వ ఎక్కువ లేదు, ఒక్క రవ్వ తక్కువ లేదు. తాను కాపురానికొచ్చిన ఏట ఇల్లంతా నిండిన వాసన అది. అత్త చేతి వంక చూస్తూ ఉండిపోయింది. వేళ్ళ కణుపులు వాచి, చేప పొలుసు అంటుకున్న మామూలు చెయ్యి. ఇన్నేళ్ళూ ముక్కు పక్కనే ఉండి అంతా నేర్చేసుకుంది.

"ఇది నాకే తెలీదు" అంది యుచిన్, తన చేతినే వింతగా చూసుకుంటూ. "ఎప్పుడూ దీన్ని అడగలేదు."

ఆ మధ్యాహ్నం చు ముసలాయన రెండు పళ్ళేలు తిన్నాడు, నీళ్ళు ఒక్క గిన్నెడే తాగాడు. హాస్యమాడకుండా లేచి, "రేపు మా అల్లుణ్ణి తీసుకొస్తా, బల్ల ఉంచండి" అనేసి పోయాడు. గ్వాంగ్‌షెంగ్ కొట్టు ఎత్తేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున వెన్‌జువాన్ గిన్నె మీద వంగి "సరిపోయిందమ్మా" అంది. యుచిన్ ముద్దలోంచి చెయ్యి తియ్యలేదు.

"సరిపోయిందని నాకూ తెలుసు. వాసన ఎలా ఉందో చెప్పు."

వెన్‌జువాన్ మళ్ళీ వంగింది. ముందు ఉల్లికాడలు వచ్చాయని, వాటి వెనక నువ్వుల నూనె అని, అన్నిటికీ అడుగున తెల్లవారుజామున పడవ దిగినప్పటి రేవు ఉందని ఒక్కొక్కటే చెప్పింది. యుచిన్ కళ్ళు మూసుకుని వింటూ, ఒక్కొక్కదానికీ తల ఊపింది.

"ఇంకా చెప్పు" అంది.