సర్టిఫికెట్టు ఎవరి ఫోన్లో ఉంది?

ఈ సంగతి నేను కొత్తగా ఎత్తింది కాదు. తిరువళ్ళూరు ఆఫీసులో అడిగాను. తిరుత్తణిలో మా సెంటరులో అడిగాను. మెయిలు పెట్టాను. వాట్సాప్ గ్రూపులో రాస్తే, నా ప్రశ్న కింద ఒకరు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. అదే జవాబు అనుకోవాలి కాబోలు. ఇంతకాలం నన్ను పట్టించుకోనివాళ్ళు ఇది మాత్రం చదువుతారన్న నమ్మకం నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఒక ఆడమనిషి కష్టపడి పని నేర్చుకుని, నేర్చుకున్నానని చూపించుకునే దారి లేక ఈ రోజుకూ కంపెనీలో అట్టపెట్టెలు మోస్తోంది.

మా శిక్షణ కేంద్రం తమిళనాడు వైపు తిరుత్తణిలో ఒక సిమెంటు అంగడి మేడ మీద ఉంది. దాన్ని నడిపే ట్రస్టు ఆఫీసు తిరువళ్ళూరులో. నేను నేర్పేది వైరింగ్ తనిఖీ. కార్లలో వేసే వైర్ల కట్టను చూసి ఏ పిన్ను వదులుగా ఉందో, ఏ రంగు వైరు ఎక్కడ తప్పు దూరిందో పట్టుకోవడం. మా కోర్సులన్నీ కొన్ని వారాలవే. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు, పొలం పని ముగించుకుని వచ్చినవాళ్ళు సాయంత్రం పూట నేర్చుకుంటారు. ఒక్కో పనికి ఒక్కో చిన్న సర్టిఫికెట్టు.

ఇదివరకు అది కాగితం మీద ఇచ్చేవాళ్ళం. రంగుల జిరాక్సు అగ్గువయ్యాక మా ముద్రతో, మా సంతకంతో దొంగ కాగితాలు బయలుదేరాయి. కంపెనీలవాళ్ళు ఫోన్ చేసి ఇది మీరిచ్చిందేనా అని అడగసాగారు. ఇక కాగితాలు మానేసి, ఎవరూ నకలు చేయలేనట్టు కంప్యూటరు ద్వారా ఇవ్వాలని ట్రస్టు నిర్ణయించింది. అందులో తప్పు లేదు. ఆ మాట మొదట అన్నది నేనే. దాన్నీ ఇప్పుడెవరూ ఒప్పుకోరు.

ఏ కంపెనీ ఏర్పాటు తీసుకోవాలో తేల్చడానికి తిరువళ్ళూరులో మీటింగు పెట్టారు. నాకు తలుపు పక్కన, నీళ్ళ క్యాను దగ్గర కుర్చీ వేశారు. దాహం వేసిన ప్రతివాడూ నా భుజం మీదుగా చేయి చాచి గ్లాసు పట్టుకున్నాడు. ఇలాంటివి ఆ ట్రస్టులో నాకు కొత్త కాదు. సెంటరు ప్రారంభం రోజున అందరికీ శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. పక్కాయన మీది శాలువా తీసి నాకు కప్పి, ఫోటో తీసి, మళ్ళీ ఆయనకు కప్పారు. ఆ ఫోటో ఇప్పటికీ సెంటరు గోడ మీద ఉంది.

మీటింగు నాటికి రెండు ఏర్పాట్లు మిగిలాయి. మొదటిదాంట్లో సర్టిఫికెట్టు ఒక ఫైలుగా నేర్చుకున్న మనిషి చేతికే వస్తుంది. దాని మీద చెరిపేయలేని గుర్తు ఉంటుంది. దాన్ని ఎక్కడైనా దాచుకోవచ్చు, ఎవరికైనా పంపవచ్చు, చూసినవాళ్ళు అది నిజమో కాదో అప్పటికప్పుడు తేల్చుకోవచ్చు. అమ్మిన కంపెనీ మూతపడినా ఆ ఫైలు చెల్లుతుంది. రెండోదాంట్లో అన్నీ కంపెనీ దగ్గరే భద్రంగా ఉంటాయి. ఎవరైనా చూడాలంటే నేర్చుకున్న మనిషి ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది చెబితేనే తలుపు తెరుచుకుంటుంది. బ్యాంకు లాకరు మాదిరి అన్నాడు అమ్మడానికి వచ్చిన ఆయన. పైగా గోడకు పెద్ద తెర తగిలిస్తారు. జిల్లా పటం మీద మేమిచ్చిన ప్రతి సర్టిఫికెట్టుకూ ఒక పచ్చ చుక్క వెలుగుతుంది. మా ట్రస్టు కార్యదర్శి ఆ చుక్కల వైపు చూసిన తీరు చూడగానే ఫలితం నాకు తెలిసిపోయింది.

అయినా లేచి అడిగాను. "ఫోను నెంబరే తాళం అంటాండారు. మా దగ్గర చదివే ఆడవాళ్ళు ఇచ్చేది వాళ్ళ నెంబరు కాదు."

"మరి ఎవరిది సార్?" అన్నాడు అమ్మేవాడు.

"అన్నది, బావది, మామది. ఇంట్లో ఎవురి దగ్గర మంచి ఫోనుంటే వాళ్ళది."

ఇది మా వైపు తరతరాల మర్యాద. ఆడపిల్ల నెంబరు బయట కాగితాల మీద పడకూడదు. అడిగితే ఇంటి పెద్ద మగవాడి నెంబరు చెబుతారు. చెప్పేవాళ్ళకు అది తప్పని తోచదు, రాసుకునే మాకూ తోచదు. ఆ మగవాడేమో రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్ములు అమ్మేవాడు కొత్త ఆఫరు చెప్పగానే పాతది పారేసి కొత్తది వేసుకుంటాడు. పారేసిన నెంబరు కొన్నాళ్ళకు ఇంకెవరికో పోతుంది. ఇదంతా ఆ మీటింగులో విప్పి చెప్పాను.

అమ్మేవాడు నవ్వి, "సార్, మీరు ఐటీనా?" అన్నాడు.

"కాదు, వైరింగు."

గదంతా నవ్వింది. కార్యదర్శి చేయి ఊపి, "టీ తాగినాక మాట్లాడుకుందాం లే అన్నా," అన్నాడు.

టీ తలుపు దాకా రాలేదు. టీ తర్వాత సర్టిఫికెట్టు అంచుకు నీలం వేయాలా, కాషాయం వేయాలా అనే చర్చ మొదలైంది. నేను చేయెత్తాను.

"కలర్ గురించా అన్నా?"

"కాదు."

"అట్లయితే అప్పురం చూస్తాం."

ఆ తర్వాత చూసింది లేదు. రెండోదాన్నే తీసుకున్నారు. ఇక మీదట మా పేరుతో కాగితం వస్తే నమ్మవద్దని చుట్టుపక్కల కంపెనీలన్నింటికీ మా ట్రస్టే మెయిలు పంపింది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆమె నా దగ్గర చేరింది ఆ తర్వాతే. ఆంధ్ర సరిహద్దు పక్క పల్లె. చర్చి వీధిలో ఇల్లు. తిరువళ్ళూరు దగ్గర వైర్ల కంపెనీలో హెల్పరు. పెట్టెలు ఎత్తడం, దించడం, వారం మార్చి వారం నైట్ షిఫ్టు. బిడ్డకు ఉబ్బసం. రాత్రి ఊపిరాడక ఏడుస్తుంటే అత్త ఒక్కతే చూసుకోవాలి. తనిఖీ పని దొరికితే కూర్చుని చేసుకోవచ్చు, నైట్ షిఫ్టు ఉండదు. ఆ ఒక్క ఆశతో షిఫ్టు దిగి రైలెక్కి తిరుత్తణి వచ్చేది. క్లాసులో నిద్ర వస్తే లేచి నిలబడి వినేది. ప్రవేశ పత్రంలో, అందరిలాగే, భర్త అన్న నెంబరు ఇచ్చింది. పరీక్ష బాగా రాసింది. సర్టిఫికెట్టు వచ్చిందని బావ ఫోనులో చూపించాడట. దాని క్యూఆర్ కోడు బొమ్మను ఒక కాగితం మీద అచ్చు వేయించుకుని బైబిల్లో పెట్టుకుంది.

కొన్ని నెలలకు ఆమె కంపెనీలో కొత్త లైను వేస్తున్నారని, తనిఖీకి లోపలివాళ్ళనే తీసుకుంటారని తెలిసింది. తోడు రమ్మంటే వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. నాకు కుర్చీ వేశాడు. ఆ కోడును తన ఫోనుతో చూశాడు. ఓటీపీ పంపించాం అని తెర మీద వచ్చింది.

"చెప్పమ్మా," అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "సార్... మా బావ ఆ సిమ్ము పారేసినాడు. కొత్త ఆఫరు వచ్చిందని."

నాకు ఆ నీళ్ళ క్యాను గుర్తుకొచ్చింది. అక్కడి నుంచే ఆ పాత నెంబరుకు ఫోన్ చేశాను.

"ఎవురు?" అంది అవతలి గొంతు. మన తెలుగే.

"అన్నా, మీ ఫోనుకు ఇప్పుడొక నెంబరు వచ్చిండాది. కొంచెం చెప్పండన్నా."

"ఓటీపీనా?"

"ఆమా అన్నా."

"పొద్దన్నే మొదలుపెట్టినావా? ఇంగ వేరే పని లేదా నీకు?"

"దొంగను కాదన్నా. పాఠాలు చెప్పే వాధ్యారును. తిరుత్తణిలో."

"మొన్న ఒగడు బ్యాంకు మేనేజరన్నాడు. ఈ పొద్దు వాధ్యారా? రేపు కలెక్టరే చేస్తాడేమో!"

ఆమె ఫోను లాక్కుంది. "అన్నా, అది నా సర్టిఫికెట్టన్నా. ఆ నెంబరు మా బావది."

"ఓహో, ఆడగొంతు కూడా పెట్టినారా? బాగుండాది మీ కంపెనీ. మీ బావదైతే మీ బావనే అడుగు పో. నేను ఆరంబాక్కంలో రొయ్యలు తూకం ఏస్తా ఉండా. పెట్టేయ్."

మళ్ళీ చేస్తే మోగలేదు. నా నెంబరు బ్లాకు చేశాడు. అధికారి ఫోను నుంచి చేస్తే దాన్నీ బ్లాకు చేశాడు.

ఆ మనిషిని నేను తప్పు పట్టను. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని అందరూ చెబుతున్నదే అతను పాటించాడు. అధికారినీ తప్పు పట్టను. "మీరు నేర్పినారంటే నమ్ముతా సార్. కానీ సిస్టంలో పచ్చగా రావల్ల," అన్నాడు.

"ఒక వైర్ల కట్ట ఇయ్యండి సార్, ఇప్పుడే చేసి చూపిస్తా," అంది ఆమె.

"నాకు చూపిస్తావమ్మా. నేను పైవాళ్ళకు ఏం చూపించేది?" అన్నాడు. కొత్త లైను మొదలయ్యేదాకా ఆ స్థానం ఆపి ఉంచుతానన్నాడు. అంతకు మించి అతను చేయగలిగింది లేదు.

ఆ ఓటీపీ ఏర్పాటు అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. మీటింగుకు వచ్చినాయనే ఎత్తాడు. నెంబరు మార్చమన్నాను. మార్చాలంటే పాత నెంబరుకు ఓటీపీ పోతుందన్నాడు. మళ్ళీ కొత్తగా ఇవ్వమన్నాను. నకళ్ళు రాకుండా ఒక మనిషికి ఒక కోర్సుకు సిస్టం ఒక్కసారే ఇస్తుందన్నాడు. "డేటా మీది కాదు సార్, ఆమెది. ఆమె అనుమతి లేకుండా మేము ముట్టుకోము."

"ఆమె నా పక్కనే ఉండాది. మాట్లాడు."

"ఆమే అని మాకెట్లా తెలుస్తాది సార్? ఓటీపీ పంపించమంటారా?"

అదే రోజు ఆ కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని.

రొయ్యల మనిషిని వెతుక్కుంటూ ఆరంబాక్కం కూడా పోయాను. తిరుత్తణి నుంచి చెన్నై పోయి, అక్కడ రైలు మారి. తూకం వేసే షెడ్లన్నీ తిరిగి ఆ నెంబరు ఎవరిదని అడిగాను. తెలియదు పొమ్మన్నారు. చివరి షెడ్డులో ఒకాయన ఐసు ముక్కలు కొడుతూ తలెత్తి, "ఆ దొంగ వాధ్యారువి నువ్వేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆ నెంబరు మనిషిని మాత్రం చూపించలేదు. నేర్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను దొంగ అన్నవాళ్ళు లేరు. ఈ ట్రస్టు నీడన ఆ ముచ్చటా తీరింది.

ఆ తర్వాత తిరువళ్ళూరు వెళ్ళి కార్యదర్శి ముందు నిలబడ్డాను. కూర్చోమనలేదు. అంతా విని, "సెక్యూరిటీకి ఇది మంచిదే కదన్నా. దొంగ ఎవుడూ తెరవలేడు," అన్నాడు.

"దొంగ సంగతి కాదు. సొంతదారే తెరవలేకుండా ఉండాది. నేను ఆ పొద్దు చెప్పింది ఇదే."

"ఎప్పుడు చెప్పినావు? నాకు గుర్తులేదే."

"మీటింగులో. టీకి ముందు."

ట్రస్టు తరఫున ఒక కాగితం రాసివ్వమన్నాను. మన కాగితం నమ్మవద్దని మనమే చెప్పి ఇప్పుడెట్లా ఇస్తామన్నాడు. "అంత అవసరమైతే వేరే పేరు పెట్టి ఇంకో కోర్సు నడుపుతాం, మళ్ళా చేరమను అన్నా ఆ పిల్లను," అన్నాడు. అంటూనే గోడ మీది తెర వైపు చేయి చూపాడు. "అదో చూడు. ఆ పిల్ల చుక్క కూడా వెలుగుతానే ఉండాది."

నిజమే. సరిహద్దు పక్కన పచ్చగా వెలుగుతోంది.

మళ్ళీ చేరమన్న మాట ఆమెతో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. తిరువళ్ళూరు స్టేషన్లో, షిఫ్టుకు పోయే గుంపు మధ్య నిలబడి విన్నది. "మళ్ళా నేర్చుకోవల్లనా సార్? నేను మరచిపోయినానని చెప్పినారా వాళ్ళు?" అంది. ఆ వారం ఆమెకు నైట్ షిఫ్టు. బిడ్డ మందు సీసా ఎక్కడ పెట్టిందో అత్తకు చెప్పడం మరిచానని, ఇంటికి ఫోన్ చేయాలని నా ఫోను అడిగి తీసుకుంది.

కొత్త లైను యంత్రాలు దిగాయని ఆమె నిన్న చెప్పింది. ఆ పెట్టెలు మోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. అవి బిగించడం అయిపోతే ఆ స్థానం మరొకరికి పోతుంది.

కాబట్టి కార్యదర్శిగారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు కాకపోతే ఆ రోజు ఆ గదిలో నవ్వినవాళ్ళలో ఎవరైనా సరే. ఆమె నేర్చుకుంది, మీరు సర్టిఫికెట్టు ఇచ్చారు, అది ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో ఉంది. దాన్ని ఆమె చేతికి ఎవరు తెచ్చిస్తారు? ఎప్పుడు? దండం బొమ్మలు నాకు వద్దు. టీ తర్వాత అనే మాట వద్దు. జవాబు చెప్పండి.