ఛాయ కాలి నల్లదారం

ఈ సంగతి చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి గానీ వరసలో నిలబడండి. ముందు మా ఆవిడ ఉంది, తర్వాత మా అమ్మాయి, దాని వెనక గజపతినగరం అవతలి పల్లెలో ఒక ముసలమ్మ. ఒక్క ముక్కు గురించి ఒక్క రోజులో ఇంతమందిచేత తిట్లు తిన్న మనిషి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ గాలించినా ఇంకొకడు దొరకడు.

నేను ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టర్ని. ఒకసారి టికెట్టు కొట్టిన ముఖాన్ని జన్మలో మరిచిపోనని చెప్పుకు తిరిగేవాణ్ణి. లక్ష ముఖాలు నా బుర్రలో వరసగా సీట్లలో కూర్చుని ఉండేవి. (నిజానికి రోజూ ఎక్కే నలభైమందే గుర్తు. అదీ వాళ్ళు ముందు పలకరిస్తేనే. కాస్త ఓపిక పట్టండి, ఒప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి.)

పదేళ్ళ కిందట మా అమ్మాయి జయ పురిటికని మా ఇంటికి వచ్చింది. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో కవల ఆడపిల్లలు పుట్టారు. మొదటిది ఎర్రగా బొద్దుగా, తలనిండా జుట్టుతో, ముందు సీటు తనదేనన్న ఆసామిలా పడుకుని ఉంది. రెండోది గుప్పెడంత. పాలిపోయిన ఒళ్ళు, బోడి తల, నుదుటి మీద ముడతలు. ఆఖరి బస్సు తప్పిపోయిన గుమస్తాలా నావైపే చూస్తోంది.

"ఒకే మాయ పంచుకుని పెరిగారండీ" అంది డాక్టరమ్మ. "కడుపులో ఒకరికి రక్తం ఎక్కువ అందింది, ఒకరికి తక్కువ. అందుకే ఇలా ఉన్నారు. ఇద్దరిదీ అచ్చం ఒకే పోలిక. ఏడాది తిరక్కుండా మీరే గుర్తుపట్టలేరు."

"నేనా?" అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు పళ్ళనొప్పిలా గుర్తొస్తుంది.

ఆ రోజునుంచి నా కాలు నిలవలేదు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి, పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి తిరుగుతూనే ఉన్నాను. బస్సులో నిలబడి బతికిన కాళ్ళకి ఆలోచన వస్తే కూర్చోవడం చేతకాదు. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన పసిబిడ్డ ఒకటి ఉండేది. దాని ముక్కు చివర చిన్న సొట్ట. మా నాన్నకి ఉంది, నాకు ఉంది, జయకి ఉంది. మా ఇంటి ముక్కు పక్క మంచం మీద ఎందుకుంది? పిల్లలు మారిపోయారు. అంతే.

మారిపోయి వచ్చిన పిల్ల ఇదేనని గుర్తుకోసం, ఇంటికి వచ్చాక చిన్నదాని కాలికి నల్లదారం కట్టాను. మా ఆవిడ నరసమ్మ చూసింది.

"ఏటది?"

"దిష్టి తగలకుండా."

"మరి పెద్దదానికి తగలదేటి? బొద్దుగా ఉన్నది అదీ, దారం దీనికీని."

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీకపోతే పోనీ. నువ్వు మాత్రం ఏదో ఎదవపని సేస్తన్నావు."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కదా, తప్పు పట్టలేం.

ఇరవై ఒకటో నాడు ఉయ్యాల వేడుక. ఆ పొద్దున్నే పక్క మంచం వాళ్ళ ఊరు కనుక్కుని బస్సెక్కేశాను. సాయంత్రానికి అసలు మనవరాలిని చంకనెత్తుకుని వచ్చి ఉయ్యాలలో వేయాలని నా పన్నాగం. దారంతా సీట్లో కూర్చోలేక ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాను.

ఆ ఇంటి అరుగు మీద ముసలమ్మ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవలు కావాల బాబూ?"

"ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళం. బిడ్డని ఓపాలి సూసి పోదామని."

"సూడు బాబూ, సూపుకేటి."

ఎత్తుకున్నాను. అదే సొట్ట. నా గుండె బెల్లు కొట్టినట్టు మోగింది. గొంతు సవరించుకున్నాను. "అమ్మా, కోపం తెచ్చుకోకండి. ఈ పిల్ల మా పిల్ల. మీ పిల్ల మా ఇంట్లో ఉన్నాది."

ముసలమ్మ నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఈ పిల్లేనేటి?"

"ఈ పిల్లే. ఆ ముక్కు సూడండి."

"ముక్కు ఇరవై దినాల నుంచీ సూస్తన్నాను గానీ, నువ్వు ఇటు సూడు" అని గుడ్డ విప్పింది.

మగపిల్లాడు.

"మీ ఇంట కూడా ఇలాటోడే ఉన్నాడేటి బాబూ?" అంది ముసలమ్మ నెమ్మదిగా.

నేను జవాబు వెతుక్కుంటుంటే వాడే తడిగా జవాబిచ్చాడు, నా చొక్కా మీద. ఆ తర్వాత ముసలమ్మ అన్న మాటలు ఇక్కడ రాస్తే ఈ కాగితం కూడా తడిసిపోతుంది.

ఇంటికి వచ్చేసరికి ఉయ్యాలకి పూలు కట్టి ఉన్నాయి. పెద్దదానికి ఉష, చిన్నదానికి ఛాయ అని పేర్లు పెట్టేశారు. అరసవల్లి నుంచి వచ్చిన వియ్యపురాలు నా చొక్కా చూసి, "ఏటన్నియ్యా, వాన పడిందేటి?" అంది. ఏదో ఒక అబద్ధం చెప్పవలసింది. టికెట్టు లేనివాళ్ళ అబద్ధాలు ముప్పై రెండేళ్ళు విన్నానే గానీ చెప్పడం నేర్చుకోలేదు. అందరి ముందూ ఉన్నదంతా కక్కేశాను.

జయ ఛాయని ఉయ్యాలలోంచి తీసి గుండెకి హత్తుకుంది.

"మనది కాదన్నావా నాన్నా, దీన్ని?"

"తప్పయిపోనాదమ్మా."

"నాకెందుకు సెప్తావు? దానికి పదేళ్ళొచ్చాక దానికే సెప్పు. అది సరేనంటే నాకూ సరే. అందాకా నీ ఇంట ఒక్క రాత్రి కూడా పడుకోను."

అన్నంత పనీ చేసింది. ఆ సాయంత్రమే అరసవల్లి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా పొద్దున్న వచ్చి ఐదు గంటల బస్సుకి వెళ్ళిపోవడమే. ఆ బస్సుని ఒకప్పుడు నేనే రైట్ రైట్ అని పంపేవాణ్ణి. ఆ తర్వాత దాని హారన్ వినబడితే పెరట్లోకి వెళ్ళి నిలబడేవాణ్ణి.

అసలు దారుణం ఇంకా ఉంది. పదకొండో నెలలో అరసవల్లి గుళ్ళో పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించారు. డాక్టరమ్మ చెప్పినట్టే చిన్నది పుంజుకుని పెద్దదానిలాగే తయారైంది. తేడా కాలి దారం ఒక్కటే; గుర్తుకని జయ దాన్ని అలాగే ఉంచింది. ఆ దారం చూస్తే నాకు సిగ్గేసింది. అనుమానంతో కట్టిన దారం దాని కాలికి ఎందుకు? జయ లేనప్పుడు ఇద్దరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాన్ని కత్తిరించేశాను. మనసు తేలికైపోయి కళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకునేలోగా ఇద్దరూ ఒళ్ళోంచి జారి పాకేశారు. చూస్తే, గంధం పూసిన గుండ్లు రెండు. తేడా లేదు.

"నాన్నా, దారం ఏదీ? ఛాయ ఏదీ?" అంటూ వచ్చింది జయ.

"తెగిపోనాది. ఇదిగో ఛాయ" అని వేలు చూపించాను. ఆ వేలు ఎటు తిరిగిందో, ఎందుకు తిరిగిందో వేలికే తెలియాలి. జయ నమ్మింది. ముఖాలు మరిచిపోని మనిషిని కదా. ఉషకి ఎర్రరాళ్ళ పోగులు, ఛాయకి తెల్లరాళ్ళ పోగులు కుట్టించేసింది.

మొన్న వేసవిలో పిల్లలకి పదేళ్ళు నిండాయి. జయ వాళ్ళని తీసుకువచ్చి, "నాన్నా, ఆ మాట గుర్తుందా?" అంది. మనది కాదనిపించుకున్న పిల్లకి ఇద్దామని నేను మామిడి తాండ్ర తెచ్చి ఉంచాను. పొద్దున్నుంచీ వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ తిరిగాను. ఇద్దరూ ఒకే ముక్కుతో, ఒకే సొట్టతో నావైపు చూస్తున్నారు. నాలుగున్నర అయింది. ఇక ఆగలేకపోయాను.

"జయా, సెప్తాను గానీ, ఎవలికి సెప్పాలో నాకు తెలీదే" అని ఆసుపత్రి ముక్కు నుంచి గుండ్ల రోజు దాకా ఉన్నదంతా పిల్లల ముందే బయటపెట్టేశాను.

చింతపండులో గింజలు తీస్తున్న నరసమ్మ తల ఎత్తలేదు. "గుండ్ల దినం దాకా ఎందుకు? అంతకు రెణ్ణెల్ల ముందే నీళ్ళు పోసినప్పుడు దారం జారిపోనాది. మళ్ళీ నేనే కట్టీసినాను. ఎవలి కాలికి కట్టినానో నాకేటి తెల్సు?"

తొమ్మిదేళ్ళుగా నేను మోసిన పాపం నరసమ్మ నాకంటే రెండు నెలల ముందే చేసేసిందన్నమాట.

జయ అమ్మ వంక చూసింది, నా వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను, నవ్వు వచ్చింది. "నేను మాత్రం తక్కువేటి? ఓపాలి ఒకదానికే రెండుసార్లు పాలిచ్చీసినాను. రెండోది ఏడిస్తే గానీ తెలీలేదు."

"అయితే తాతా, ఆ మనది కాని పిల్లని నేనేనేమో. తాండ్ర ఇలా తే" అంది ఎర్రరాళ్ళది.

"నువ్వు కాదు, నేనే" అంది తెల్లరాళ్ళది. నేను పెద్దంటే నేను పెద్దని పదేళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఆ క్షణంలో నేను చిన్నంటే నేను చిన్నని కొట్టుకున్నారు.

ఇద్దరికీ చెప్పాను, తప్పయిపోనాదని. "సరే తాతా" అన్నారు, రెండు నోళ్ళు, ఒకే గొంతు. తాండ్ర సగానికి చింపాను. ఐదు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. జయ లేవలేదు. నరసమ్మ లోపలికి వెళ్ళి చాపలు దులిపింది.

కనుక పాఠక మహాశయులారా, అరసవల్లి సూర్యనారాయణమూర్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పసిబిడ్డ పోలిక గురించీ నోరు విప్పను. నిన్ననే పక్కింటివాళ్ళు కొత్తగా పుట్టిన బిడ్డని తెచ్చి, "ఎవలి పోలిక మావా?" అని అడిగితే, "పదేళ్ళు ఆగి అడగండి" అన్నాను.

ఆ ముసలమ్మ ఒళ్ళో పిల్లాడి ముక్కు మాత్రం మా ఇంటిదే. ఈ మాట మీతో తప్ప ఎవరితోనూ అనను.