పాల చీటీకి లైసెన్సు

ఆ పని మా ఆఫీసుకు వచ్చినప్పుడు చిన్నదే అనుకున్నాం. చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు డెయిరీ. ఊళ్లలో ఆడవాళ్లు పొద్దునా సాయంత్రమూ కేంద్రానికి తెచ్చి పోసే పాలు ఎన్ని, అందులో కొవ్వు ఎంత అన్న చీటీ వాళ్ల ఫోన్లో కనిపించాలి. కావాలంటే కాగితం మీద అచ్చు వేసుకోవాలి. అంతా తెలుగులో ఉండాలి. వెబ్‌సైటు మేమే కడతాం. లెక్కల్ని చీటీలుగా, పట్టికలుగా తీర్చిపెట్టే రిపోర్టింగ్ టూల్ మాత్రం బయట కొని అందులో కలుపుకోవడం ఈ వృత్తిలో మామూలే. ఏది కొనాలో పోల్చి చెప్పమని మా ఓనరు నాకూ, నా పక్క సీటు అబ్బాయికీ అప్పజెప్పాడు.

ఆఫీసు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద ఒక టైర్ల షాపు పైన. ఆ అబ్బాయిది తిరుపతే. ఇంటికి ఫోన్ చేస్తే ఉర్దూ, నాతో తెలుగు. నన్ను అక్కా అంటాడు. నేను రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చిపోతాను.

మొదట ఉచితంగా దొరికే టూల్ చూశాం. షరతులు లేవు, అడిగేవాళ్లు లేరు. కానీ చీటీని పిడిఎఫ్‌గా మార్చగానే తెలుగు ఒత్తులు ఊడిపోయేవి. ‘కొవ్వు’లో వకారం కింద ఉండాల్సిన ఒత్తు పక్కకొచ్చి నిలబడేది. ఫాంట్లు మార్చాం, తెలిసినవాళ్లను అడిగాం, ఎవరెవరో రాసుకున్న సలహాలన్నీ చదివి చేశాం. వారం తర్వాత ఆ అబ్బాయి కుర్చీ వెనక్కి జరిపి, “దీనికి తెలుగు రాదక్కా. మనం నేర్పలేం,” అన్నాడు.

రెండోదానిలో తెలుగు ముచ్చటగా వచ్చింది. అయితే లైసెన్సు ఖరీదు, చీటీలు చూసేవాళ్ల తలకింత. పాలు పోసే ప్రతి మనిషీ తన చీటీ ఫోన్లో చూసుకుంటే ఆమె కూడా లెక్కలోకి వస్తుందా అని అమ్మేవాళ్లకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడినతను మర్యాదస్తుడే. కనుక్కుని చెబుతానన్నాడు. మళ్లీ చేస్తే మళ్లీ అదే చెప్పాడు. మూడోదానికి తలల లెక్క లేదు, సర్వరుకు ఒక లైసెన్సు. అయితే ఒకటి చెడిపోతే పనికొస్తుందని పక్కన పెట్టుకునే సర్వరుకు కూడా వేరే తీసుకోవాలి. ఏటేటా తిరగరాయించుకోవాలి కూడా. రాయించుకోకపోతే ఏమవుతుందో ఒప్పందంలో ఎక్కడుందో వెతకడానికే రెండు సాయంత్రాలు పట్టింది.

ఫోన్లో చదివితే కళ్లు మండుతున్నాయని ఆ ఒప్పందాలు ప్రింటు తీసుకుని బస్సులో చదువుకునేదాన్ని. ఒక సాయంత్రం నా పక్కన, కొండ మీద తలనీలాలిచ్చి దిగివచ్చిన ఒక పెద్దామె కూర్చుంది. కాసేపు నా కాగితాల వైపు చూసి, “కోర్టు కాగితాలా అమ్మా?” అని అడిగింది. కాదని చెప్పబోయాను. కాకపోతే మరేమిటో చెప్పాలి కదా, దానికి ఓపిక లేదు. ఊఁ అన్నాను. వాళ్ల తమ్ముడి భూమి కేసు ఎన్నేళ్లు నడిచిందో, లాయరు ఎట్లా తిప్పినాడో చెప్పింది. చివరికి లడ్డూ ముక్క విరిచి నా చేతిలో పెట్టి, “దిగులు పడొద్దు. ఆయన సూసుకుంటాడు,” అంది. ఆ పూట ఎవరైనా అలా అనడం నాకు ఎంత అవసరమో ఆమెకు తెలియదు. తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ తిన్నాను.

మూడింట్లో ఏదీ పూర్తిగా కుదరలేదని మేం రాసిచ్చింది చదివి ఓనరు, “ఇంగ్లీషులో కొట్టేస్తే సాలదా అమ్మా?” అన్నాడు. చాలదన్నాను. చీటీ చదువుకునేది ఊళ్లలో ఆడవాళ్లనీ, డెయిరీవాళ్లు ముందే అడిగింది తెలుగొక్కటేననీ చెప్పాను. ఆయన వాదించలేదు. అలాగే, ఇంకొకసారి చూడండి అని పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసేస్తుంటే ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: “అక్కా, చీటీ ఒక్క పేజీనే గదా. మన వెబ్‌సైటు పేజీలో తెలుగు బాగానే కనిపిస్తా ఉండాది. దాన్నే ప్రింటు ఇస్తే ఏం పోతాది?”

నిజమే. బ్రౌజరుకు తెలుగు వచ్చు. పేజీని కాగితం కొలతకు సర్ది, బటను ఒకటి పెడితే సరిపోయింది. సాయంత్రానికి చీటీ తయారు. ఒత్తులన్నీ వాటి చోట ఉన్నాయి. ఇద్దరం దాన్ని చేతిలో పట్టుకుని చూశాం. సంతోషపడాల్సింది. నాకు మాత్రం ఇల్లంతా వెతికాక తాళంచెవి కొంగుకే దొరికినట్టు, నీరసం వచ్చింది. అతనూ నవ్వలేదు.

అక్కడితో అయిపోలేదు. డెయిరీ అకౌంట్స్ గదిలో నెల నెలా పేజీల కొద్దీ పట్టికలు కావాలి, వాటికి టూల్ ఉండాల్సిందే. ఇప్పుడు చూసేవాళ్లు ఊళ్ల జనం కాదు, ఆ గదిలోని నలుగురే. తలకింత అన్నందుకు మేం పక్కన పెట్టిన రెండోదే అన్నిటికన్నా చవక అయింది. మొత్తం మళ్లీ పోల్చి, మళ్లీ రాసి, అదే కొన్నాం.

పని పూర్తిచేసి అప్పజెప్పే రోజు డెయిరీకి వెళ్లాను. లైసెన్సులు ఆ నలుగురి పేర్ల మీద ఉన్నాయి. అందులో ఒకమ్మాయి వచ్చే నెల కాన్పుకు పుట్టింటికి పోతోందట. ఆమె సీట్లోకి వేరేవాళ్లు వస్తే పేరు మార్చడం ఎలాగని మేనేజరు అడిగాడు. ఒప్పందంలో దాని గురించి ఒక పేరా ఉందని గుర్తు, ఏం రాశారో గుర్తు లేదు. కనుక్కుని చెబుతానన్నాను. ఆ అమ్మాయి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టి, “ఎండలో బస్సులో వచ్చినారు, తాగండక్కా,” అంది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆమె కంప్యూటరు ముందే కూర్చుని టూల్ అమ్మిన కంపెనీకి మెయిలు రాయడం మొదలుపెట్టాను.