టీచరమ్మ చెట్ల కింద సిమెంటు వద్దు

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు గోడ అవతలి నుంచే వచ్చింది. ఈ హిందీ ఊళ్లో, మా బాగ్‌బేరా కాలనీలో, మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. పొద్దున్నే కుళాయి కింద బిందె పెడుతుంటే వాళ్ల కోడలి ఏడుపు వినిపించింది. నిద్రలోనే వెళ్లిపోయిందట. బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టెయ్యలేకపోయాను. ఆవిడ ఉంటే తిట్టేది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. కాలనీవాళ్లందరి కోసం రాయిస్తున్నాను. చదివాక ఎవరు ఏ పక్కన ఉంటారో తేల్చుకోండి.

ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. మా ఇళ్ల వెనక, రైలు పట్టాల వైపున్న కానుగ చెట్లంటే ప్రాణం. బియ్యం కడిగిన నీళ్లు కాలువలో పోయనిచ్చేది కాదు. బకెట్‌తో మోసుకెళ్లి చెట్ల మొదట్లో పోసేది. రాలిన ఆకులు ఊడ్వనిచ్చేది కాదు. శ్రీకాకుళం దాన్ని, కళ్లెదుట చెత్త ఉంటే ఊరుకుంటానా?

"ఏటి టీచరమ్మా, ఈ ఆకుల్లోకి పాములొత్తాయి," అన్నాను.

"వత్తే నీ గొంతు ఇని అవే పారిపోతాయిలే వదినా. ముందా చీపురు కిందెట్టు."

ఒక వేసవిలో, గాలి కూడా కాలిపోతున్న రోజున, ఆకు తిరగేసి చూపించింది.

"కంటికి కనబడవు గానీ, ఇక్కడ సన్నటి నోళ్లుంటాయి. మన బళ్ల పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని చెట్టు వీటితోనే తింటాది. ఎండ ముదిరి నేలెండిపోతే, ఒంట్లో నీరు పోతాదని నోళ్లు మూసేసుకుంటాది."

"అయితే ఉపాసమా?"

"ఉపాసమే. ఊపిరొదలడం మాత్రం మానదు. వేడెక్కితే నేలా, చెట్టూ ఆ కార్బన్ డయాక్సైడ్‌నే ఇంకా ఎక్కువ వదుల్తాయి."

"అత్తింటి కోడల్లాగ. తిండి సగం, చాకిరీ రెట్టింపు."

పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక దూరంగా అడవి నిండిన దల్మా కొండ వైపు చూస్తూ అంది: "అడవులన్నీ ఇలా నోళ్లు మూసుకుంటే మన పొగంతా గాల్లోనే ఉండిపోతాది వదినా. అప్పుడు ఎండ ఇంకా ముదురుతాది."

ఆవిడ పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక కాలనీ కమిటీ సెక్రటరీ నా దగ్గరకొచ్చాడు. మా వీధిలో పెరిగినవాడే. ఆవిడ గుర్తుగా కానుగ చెట్ల చుట్టూ సిమెంటు అరుగు కట్టి, టైల్సు వేసి, ఫొటో పెడతారట.

"ఆవిడ పేరు నిలబడాలా వద్దా పిన్నీ?"

"పేరు నిలబెట్టడానికి చెట్టు గొంతు నొక్కుతావేట్రా?"

"అరే, టెన్షన్ మత్ లో, కంగారుపడకు. అరుగేత్తే చెట్టుకేటవుతాది? కావాలంటే కొత్త మొక్కలు నాటుతాం."

"పోయినేడు నాటినవి ఏవిరా? మాడకుండా మిగిలింది ఒకటి సూపించు."

ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఫొటో పెట్టాలనుకుంటే మా గోడకి పెట్టండి. మేకు నేనే కొడతాను. చెట్ల మొదళ్లు మాత్రం ముట్టుకోవద్దు. వాన నీరు దిగడానికి మట్టి కావాలి, ఆ తడి ఆరకుండా ఆకులు కావాలి. ఎండలు మన మాట వినవు. సిమెంటు వింటుంది, మనం వద్దంటే ఆగుతుంది.

రేపు మేస్త్రీ వస్తాడట. అరుగు ఎంతవరకో సున్నంతో గీత గీసి వెళ్లారు. ఆ గీత లోపల నా నులక మంచం వేయించుకున్నాను. ఇదంతా చెబుతున్నది దాని మీద నుంచే. ఇప్పుడే ఒక జల్లు పడి ఆగింది. పక్కన దించిన సిమెంటు బస్తాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా నుంచి నీళ్లు జారి కాలువలోకి పోతున్నాయి. నా మంచం కింద మాత్రం ఆకుల్లోంచి నేల తాగుతున్న చప్పుడు.