పసుపు పూసుకున్న బండ

మా మరిది కర్నూలులో పోయాడని తంతి వచ్చినప్పుడు నేను పూజ ముగించి హారతి పళ్లెం కింద పెడుతున్నాను. పరీక్షల పని మీద వెళ్లిన మనిషి. గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారట. మేము కడప నుంచి బయలుదేరేలోపే అంతా అయిపోయింది.

మా చిన్నచెల్లెలి భర్త అతను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. ఇల్లరికం వచ్చి మాతోనే ఉన్నాడు. ఇది చదివేవారిలో అతని శిష్యులుంటారు. పాఠాల సంగతి వారికే బాగా తెలుసు. ఇంటికి పెద్దకూతురిగా నేను చూసినది నాలుగు మాటల్లో చెబుతాను.

అతనికి చెట్లకన్నా బండలంటే ఇష్టం. బండల మీద మరకల్లా ఉండే లైకెన్లంటే ప్రాణం. మసాలాలో వేసే రాతిపువ్వు అందరూ ఎరుగుదురు. దాని చుట్టాలే ఇవన్నీ. అతనితో నడిస్తే మైలు దూరానికి ఒక పూట పట్టేది. వేపచెట్టు బెరడు మీద ఒక రకం, అరుగుబండ మీద ఒక రకం, గుట్ట మీది రాతికి ఎండ పక్క ఒకటి, నీడ పక్క ఇంకొకటి. మెడలో నల్లదారానికి భూతద్దం వేలాడేది, తాయెత్తులా. పండగకు గోడలకు సున్నం కొట్టించేటప్పుడు లైకెన్ ఉన్నచోటల్లా బొగ్గుతో సున్నా చుట్టి, అక్కడ కుంచె తగలనిచ్చేవాడు కాదు. మా ప్రహరీగోడ ఏ ఏడూ పూర్తిగా తెల్లబడలేదు. సున్నానికి కూడా మాకు గతిలేదని వీధిలో అనుకునేవారు.

"ఈ ఎండలకు మనమే తాళలేకపోతున్నామే, ఇవెట్లా బతుకుతాయి?" అని ఒకసారి అరుగు మీద అడిగాను.

"ఒంటిగా అయితే బతకవు వదినా. చూసేదానికి ఒకటే, లోపల ఇద్దరు. బూజు ఇల్లు కడతాది, పాచి వంట చేస్తాది. కలిసుండాయి కాబట్టి బండ మీద కాపురం."

భూతద్దం నా చేతికిచ్చాడు. బూడిదరంగు మచ్చ మీద సన్నని నల్లచుక్కలు కనిపించాయి. అవేమిటన్నాను.

"అవి వేరే బూజు. ఇల్లు కట్టదు, వంట చేయదు. వచ్చి కూచుని తింటాది. ఇల్లరికపల్లుడు, నా మాదిరి."

"మీ నోటితోనే ఒప్పుకున్నారు, సంతోషం," అంది లోపల్నుంచి మా చెల్లెలు.

ఒంటిమిట్ట దారిలో ఒక పల్లె బయట చిన్న గుట్ట ఉంది. నేను దర్శనానికి వెళ్లినప్పుడల్లా తోడు వస్తానని చెప్పి అతను ఆ గుట్ట దగ్గరే బస్సు దిగిపోయేవాడు. అక్కడ ఒక బండంతా పచ్చని పసుపు రంగు లైకెన్. అటువంటిది తాను ఇంకెక్కడా చూడలేదనేవాడు. ఊరివాళ్లకు అది పసుపులమ్మ. బండను చూసుకునే అవ్వ దినమూ దానికి నూనె పూసేది. ఆ జిడ్డుకు అంచులు నల్లబడుతున్నాయి. తిరునాళ్లకు ఊరంతా నూనె తెస్తే ఇక మిగలదని అతని దిగులు.

ఒకరోజు అతను బోర్లా పడుకుని భూతద్దంతో చూస్తుంటే అవ్వ వచ్చిందట.

"ఏమప్పా, అమ్మకు ముద్దు పెడతాండావా?"

"చూస్తాండా అవ్వా. నూనె పూయొద్దు. ఇది బతికుండాది. ఊపిరాడక సస్తాది."

"అమ్మ సస్తాదా! నీ నోట్లో మన్ను పడ!"

చెంబుడు నీళ్లు మొహాన కొట్టింది. తడిసిన చొక్కాతో ఇంటికొచ్చి ఈ కథ నవ్వుతూ చెప్పాడు. కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

కొన్నాళ్లకు నేను పూజలో ఉండగా గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, అభిషేకం ముందా, అలంకారం ముందా?"

"అభిషేకం."

"అలంకారమైనాక నూనె పూస్తారా?"

"ఎవరన్నా పూస్తారా!"

"చాలు," అని బయలుదేరాడు. నేనూ గుట్టదాకా వెళ్లాను.

"అవ్వా," అన్నాడు దూరంగానే నిలబడి, "నువ్వు తలంటి పోసుకుని, పసుపు పూసుకుని కూచుంటే, ఎవరో వచ్చి మళ్లా నెత్తిన నూనె పోస్తే ఎట్లుంటాది?"

"చెయ్యి ఇరుస్తా."

"అమ్మ తనంతట తానే పసుపు పూసుకుని కూచుండాది గదా. మీరు దినామూ నూనె పోస్తాండారు."

అవ్వ బండను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ, ఎంత పని చేస్తిమి!" అంది. తిరునాళ్లకు ముందే బండ చుట్టూ ముళ్లకంప నాటించింది. దీపం బయటే పెట్టుకోవాలి, చెయ్యి తగలకూడదని కట్టడి చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు నా మనసు ఊరుకోలేదు. "నమ్మి చెప్పావా, ఆమెను ఒప్పించడానికి చెప్పావా?" అన్నాను.

"ఎవరూ పూయని పసుపు వదినా అది. దాంట్లో అబద్ధం యాడుండాది?"



తర్వాతి రాకలో తానే చాకు తీశాడు. పేరు తేల్చాలంటే పరీక్షకు చిటికెడు ముక్క కావాలి. అవ్వ చెయ్యి పట్టేసుకుంది. "ఏమప్పా అయివారూ, మమ్మల్ని పూయొద్దని నువ్వు గీకుతాండావా? నీకొక నాయమూ, మాకొక నాయమూనా?" ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాడు. ఎన్నోసార్లు తిట్లు తిన్నాడు. "కావలి అంటే అట్లుండాల! అవ్వకు నూరేళ్లు," అని క్లాసులో కూడా చెప్పి నవ్వేవాడట. ఆ లైకెన్ పేరు అతనికి చివరిదాకా తెలియలేదు.

నెలమాసికం అయ్యాక మా చెల్లెలు ఆ బండను చూస్తానంది. అప్పుడే గడప దాటడమా అన్నారు కొందరు. నేను తీసుకుపోయాను.

"అయివారు రాలేదేమమ్మా?" అంది అవ్వ.

 నేనే చెప్పాను.  అవ్వ లేచి కంప పక్కకు జరిపి లోపలికి వెళ్లింది. వచ్చి, చెల్లెలి కుడి అరచేతిలో తన వేళ్లు విప్పింది. గోరంత పసుపు పొర.

"గీకినా," అంది. "అమ్మతో చెప్పుకునే గీకినా. ఎన్నిసార్లు అడిగినాడో మహానుబావుడు."

బస్సులో చెల్లెలు కిటికీ పక్క కూర్చుంది. గాలి బాగా కొడుతోంది. తీర్థం పట్టినట్టు గుంట చేసిన కుడిచేతి మీద ఎడమచెయ్యి కప్పుకుంది. మొహం మీద జుట్టు పడుతోంది, తోసుకోలేదు. కడప వచ్చేదాకా ఆ చేతులు అట్లాగే ఉన్నాయి.