గంప పట్టాల్సిన ఫొటోగ్రాఫర్

2022లో, కరోనాకి ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడిన రోజులవి. విజయనగరంలోని మా కెమెరాల దుకాణానికి చీపురుపల్లి నుంచి సింహాచలం, భార్య వరాలుతో కలిసి వచ్చాడు. పెళ్లి ఫొటోలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. అతని పాత జూమ్ లెన్స్‌కి ఫంగస్ పట్టింది, అంటే లోపలి అద్దాల మీద బూజు. మా వైపు గాలిలో తడికి అది మామూలే.

"కంపెనీదే తీసుకోనా, థర్డ్ పార్టీది తీసుకోనా? సెప్పక్కా" అన్నాడు.

కెమెరా తయారుచేసిన కంపెనీ కాకుండా, దానికి అమరేలా వేరేవాళ్లు చేసే లెన్స్‌ని థర్డ్ పార్టీ అంటాం. అదేదో నకిలీ సరుకన్నట్టు మూతి విరిచేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కొన్ని కంపెనీవాటికి ఏమాత్రం తీసిపోవు. అలాంటిదొకటి అతని కెమెరాకి బిగించి, "గుమ్మం దగ్గర్నుంచి నడిచొస్తాను, తియ్యి" అన్నాను.

మనిషంతా పడాల్సిన ఫొటోలో నా ముక్కొక్కటే పడింది.

"ఇదేటక్కా, రింగు ఉల్టా తిరుగుతన్నాది" అన్నాడు. దూరాన్ని దగ్గర చేసే జూమ్ రింగ్ కొన్ని థర్డ్ పార్టీ లెన్సుల్లో కంపెనీవాటికి ఎదురు దిక్కున తిరుగుతుంది. నాలుగు రోజులు వాడితే అలవాటైపోతుందన్నాను.

"నాకు తెలుస్తాది గానీ నా సెయ్యికి తెల్దు గదక్కా. నరసన్నపేటలో మా మేనకోడలి పెళ్లి. పిల్లని గంపలో తెచ్చినప్పుడు సెయ్యి అటు తిరిగిపోతే, మళ్లీ తెమ్మంటానా?"

ఆ పిల్ల చిన్నప్పుడే తల్లి పోతే వీళ్ల దగ్గరే పెరిగింది. అతని మాటా నిజమే. ఇంక వాదించకుండా కంపెనీ లెన్స్ తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడు వరాలు అడిగింది.

"గంప ఎవులు పడతారు మావా?"

"ఎవులేటే, మేనమావని నానే గదా..." అని ఆగిపోయాడు.

పెళ్లికూతురి గంప పట్టేది మేనమామ. ఆ సంగతి అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ కాసేపు ఫొటోలకి ఇంకెవరినైనా పెట్టుకోమన్నాను.

"నా పిల్ల పెళ్లికి ఇంకొకడు తీస్తాడేటి?" అని గయ్యిమన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించాడు. "ఊరందరికీ తీసినాను. ఆ పిల్లతో నాకొక్క ఫొటో నేదక్కా. ఎప్పుడూ కెమెరా ఎనకాలే ఉండిపోనాను."

వరాలు పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు రెండో కెమెరా పట్టే మనిషి. ఆమె దగ్గరున్నది చిన్న లెన్స్, పందిరి వెలుతురుకి చాలదు, కానీ అదీ థర్డ్ పార్టీదే, రింగు ఇలా ఉల్టా తిరిగేదే. నేను మొదట బిగించిన లెన్స్‌తోనే కెమెరా అందుకుని, "మళ్లీ నడు అక్కా" అంది. నడిచాను. తల నుంచి చెప్పుల దాకా పడ్డాను.

సింహాచలం ఆ ఫొటో చాలాసేపు చూశాడు. "ఇదే ఇచ్చీ అక్కా. గంప కాడ వరాలు తీస్తాది. మిగతా పెళ్లంతా ఈ ఉల్టా రింగుతో నానే తడుముకుంటాను" అన్నాడు.

పెళ్లయ్యాక చూపించడానికి వచ్చారు. గంపలో పిల్ల నవ్వుతోంది. గంప అంచు పట్టుకుని మేనమామ ఏడుస్తున్నాడు. కంటి తడి కూడా తేటగా పడింది. "నా ఏడుపు ఇంత బాగా తియ్యాలేటే?" అని భార్యని కసిరాడు గానీ, ఆ ఫొటో మాత్రం చేతిలోంచి వదల్లేదు.

లెన్స్ గురించి అడిగితే పదును, బరువు, వారంటీ ఇప్పటికీ చెబుతాను. వాటన్నిటికంటే ముందు మాత్రం, అసలైన వేళకి కెమెరా ఎవరి చేతిలో ఉంటుందని అడుగుతాను. పెళ్లి మీ ఇంట్లోదే అయితే మీరు ఫొటోలో ఉండాలి కదా అని కూడా అంటాను.